దొంగ ఊపిరి

టీచర్‌గారు పోయారన్న కబురు నాకు మా పాప స్కూలు ముందు, పికప్ లైన్లో కారులో కూర్చుని ఉండగా అందింది. ఫోన్ చేసింది ఆవిడ కూతురు. "అక్కా, అమ్మ వెళ్ళిపోయింది. భోంచేసి పడుకుంది, మళ్ళీ లేవలేదు" అంది. ముందున్న కారు కదిలింది. నేను కదల్లేదు. వెనక ఎవరో హారన్ కొట్టారు. ఈ ఊళ్ళో స్కూలు లైన్లో హారన్ కొట్టడమంటే తిట్టినట్టే. తిడితే తిట్టనీ అనుకున్నాను. ఎలాగో తలుపు దాకా వెళ్ళాక మా పాప వెనక సీట్లోకి ఎక్కి, బెల్టు పెట్టుకుంటూ, "అమ్మా, టుడే మ్యూజిక్ క్లాస్ ఉందా?" అని అడిగింది. "ఇంటికెళ్ళి చూద్దాం నాన్నా" అన్నాను.

మేముండే ఈ ఫార్మింగ్టన్ హిల్స్‌లో తెలుగు పిల్లల్లో సగంమంది ఆవిడ దగ్గర సంగీతం నేర్చుకున్నవాళ్ళే. వాళ్ళందరూ ఆవిడ గురించి ఏదో ఒకటి రాస్తారు, రాయాలి కూడా. నేను మాత్రం సంగీతం గురించి రాయడానికి కూర్చోలేదు. నేనూ మా పాపా ఇవాళ బతికి ఉన్నామంటే అందులో ఆవిడ చెవికి వాటా ఉంది. ఈ మాట ఆవిడ ముందు అంటే మండిపడేవారు. "డాక్టర్లు బతికించారు. మధ్యలో నా పేరెందుకు?" అని కసిరేవారు. కసిరే మనిషి ఇక లేరు గనక ధైర్యంగా రాస్తున్నాను.

ముందు ఆవిడ ఎలాంటి మనిషో చెప్పాలి. విజయనగరం ఆవిడ. భర్త కార్ల కంపెనీలో పనిచేయడానికి వస్తే ఆయనతో పాటు ఎప్పుడో ఇక్కడికి వచ్చేశారు. ఆయన పోయాక కూడా ఇక్కడే, ఆ ఇంట్లోనే, మా వీధికి రెండు వీధుల అవతల ఉండిపోయారు. ముక్కు మీదే కోపం. చీర మీద స్వెట్టరు, కాళ్ళకి తెల్లటి వాకింగ్ షూస్, చేతిసంచిలో ఎప్పుడూ పటికబెల్లం. పాడిన పిల్లకీ పెట్టేవారు, తిట్లు తిన్న పిల్లకీ పెట్టేవారు. నేను నేర్చుకోవడం మొదలుపెట్టింది పెళ్ళయ్యాకే, అదీ లాక్‌డౌన్‌లో, ఇంట్లో కూర్చుని పిచ్చెక్కుతుంటే. జూమ్‌లో అయినా ఆవిడ క్లాసు వంటింట్లోనే. లాప్‌టాప్ డైనింగ్ టేబుల్ మీద పెట్టి, అటు సాంబారు కలుపుతూ, ఇటు నా స్వరాలు వినేవారు. పొయ్యి మీద ఫ్యాన్ గుయ్యిమని తిరుగుతున్నా సరే, నేను ఎక్కడ తప్పానో అక్కడ గరిటె ఆగేది.

ఆవిడకి శ్రుతి తప్పినా అంత కోపం రాదు. ఊపిరి దొంగిలిస్తే మాత్రం ఒళ్ళు మండేది. సరిగమల వరస మొత్తం ఒక్క ఊపిరిలో పాడాలి. మధ్యలో ఎవరికీ తెలియకుండా, స్వరం కింద దాచి, చటుక్కున కాస్త గాలి పీల్చామా, ఉంగరంతో టేబుల్ మీద 'టక్' మని కొట్టేవారు. "దొంగ ఊపిరి! మళ్ళీ మొదటినుంచి." అంతే. ఏ స్వరం దగ్గర దొంగిలించామో చెప్పేవారు కూడా. మా ఆయన ఒకసారి పక్కనే ఉండి విని, "మనకు ఇంత మంచి సెన్సర్ దొరికితే బాగుండు" అన్నాడు. ఆయన పని అదే, కార్లలో పెట్టే సెన్సర్లని టెస్ట్ చేయడం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

నాకు నెల తప్పిన ఏడాది కోవిడ్ వాక్సిన్ అందరికీ దొరుకుతోంది. మా ఆయన వేయించుకున్నాడు, టీచర్‌గారు వేయించుకున్నారు. నేను మా డాక్టర్ని అడిగాను. "వేయించుకోమనే నా సలహా. కానీ నిర్ణయం నీది" అందావిడ. ఇందులో మొదటి వాక్యం ఒక్కరికీ చెవికెక్కలేదు. రెండోది మాత్రం అందరూ పట్టుకున్నారు. మా అమ్మ వరంగల్ నుంచి వీడియో కాల్‌లో వద్దంది. అత్తయ్య వద్దంది. ఎటూ తేలక టీచర్‌గారిని అడిగాను. ఆవిడ మాట మీద నాకు గురి.

"నీ ఇష్టం అందంటే ఆవిడకీ సరిగ్గా తెలీదన్నమాట" అన్నారు టీచర్‌గారు. "కడుపులో బిడ్డ ఉండగా ఎందుకొచ్చిన రిస్కు అమ్మాయ్? నీళ్ళాడాక నిదానంగా వేయించుకో. పారిపోతుందా అది?"

మనసు తేలికపడింది. ఏదో ఒకటి తేల్చి చెప్పేవాళ్ళు దొరికితే చాలు, అలా ఉండేది అప్పుడు మా పరిస్థితి.

ఏడో నెల వచ్చేసరికి సీమంతం అన్నారు. ఇక్కడ మన వేడుకలన్నీ బేస్‌మెంట్లోనే కదా, మాదీ బేస్‌మెంట్లోనే చేశారు. కిటికీ అన్నది ఒక్కటుంటే అది గొళ్ళెం వేసి ఉంది. "అందరూ వాక్సిన్ వేసుకున్నవాళ్ళే, పైగా అందరూ మనవాళ్ళే" అనుకున్నాం. మనవాళ్ళయితే వైరస్ రాదన్నట్టు! ముందురోజు అమ్మాయిలు వచ్చి నా చేతుల నిండా, కాళ్ళ నిండా, వేళ్ళ చివర్ల దాకా గోరింటాకు పెట్టారు. మర్నాడు ఒక్కొక్కరే వచ్చి చెంపలకి గంధం రాసి, చేతులకి గాజులు తొడిగారు. ఇంచుమించు ముఖంలో ముఖం పెట్టినట్టే. వాళ్ళలో ఒకావిడ దగ్గుతోంది. "ఎలర్జీ అండీ, ఈ సీజన్‌లో నాకు మామూలే" అంది. టీచర్‌గారు హారతి పాట పాడారు. పుట్టబోయే బిడ్డ గాజుల చప్పుడు వినాలని, కాన్పు అయ్యేదాకా వాటిని తీయకూడదని చెప్పారు.

వారం తిరక్కుండానే నాకు జ్వరం వచ్చింది. మా ఆయనకీ వచ్చింది. ఆయనకి రెండురోజుల్లో తగ్గింది, నాకు తగ్గలేదు. నేను పైన గదిలో, ఆయన కింద సోఫాలో. డాక్టర్ ఆఫీసు నర్స్ లైన్‌కి ఫోన్ చేస్తే, "ఊపిరి ఆడకపోతే వెంటనే రండి" అన్నారు. సరే అన్నాం. కానీ ఊపిరి ఆడకపోవడమంటే ఏమిటో ఏడు నెలల కడుపుతో ఉన్న ఆడదానికి ఎలా తెలుస్తుంది? మంచం మీంచి బాత్రూమ్‌కి వెళ్ళొస్తే ఆయాసం. అమ్మకి చెప్తే, "అది మామూలే బిడ్డా. నువ్వు కడుపుల ఉన్నప్పుడు నాకు మెట్లెక్కితే పానం గొంతులకొచ్చేది" అంది. నాకూ అదే వినాలని ఉంది. ఆస్పత్రికి వెళ్తే నన్నొక్కదాన్నే లోపలికి తీసుకుంటారు, తోడు ఎవరినీ రానివ్వరు అని విన్నాను. ఆ తలుపు వెనక ఒంటరిగా ఉండాలన్న భయం ముందు ఈ ఆయాసం ఎంత?

వేలికి పెట్టుకుని ఆక్సిజన్ చూసుకునే చిన్న మిషన్ ఒకటి మా ఆయన తెప్పించాడు. నా వేలికి పెడితే తొంభై ఒకటి చూపించింది. తొంభై అయిదుకి తగ్గకూడదని విన్నాను, భయపడ్డాను. మా ఆయన మాత్రం ఆఫీసులో చేసే పనే చేశాడు. రీడింగ్ తేడాగా వస్తే ముందు సెన్సర్ని అనుమానించాలి, అది ఆయన వృత్తి ధర్మం. తన వేలికి పెట్టుకుని చూశాడు. తొంభై ఎనిమిది. నా ఇంకో వేలికి పెట్టాడు. మళ్ళీ అదే తొంభై ఒకటి. నా చేతులు తిప్పి చూసి, "అరె, గోరింటాకు! ఎర్రగ పండిందిగా, మిషన్ లైట్ లోపలికి పోతలేదు" అన్నాడు. ఫ్రెండ్స్ గ్రూపులో అడిగితే అవును, గోళ్ళ రంగుకీ గోరింటాకుకీ తప్పు చూపిస్తుందని ఎవరో చెప్పారు. కాలి వేలికి పెడదామంటే అక్కడా గోరింటాకే. ఇద్దరం హమ్మయ్య అనుకున్నాం. నిజం చెప్తున్నాను, హాయిగా నవ్వుకున్నాం కూడా. చదువుకున్నవాళ్ళం, లెక్క ప్రకారం చెక్ చేసి మరీ, ఉన్న ఒక్క హెచ్చరికనీ పక్కన పడేశాం.

జ్వరం వచ్చినప్పటి నుంచి టీచర్‌గారు రోజూ క్లాసు టైముకి ఫోన్ చేసేవారు. "పాటలేం వద్దు. ఒక్క 'స' పట్టు, వింటాను" అనేవారు. నేను పట్టేదాన్ని. "గొంతు బొంగురు పోయింది, ఊపిరి బానే ఉంది. పడుకో" అని పెట్టేసేవారు. ఆ రోజు కూడా ఫోన్ వచ్చింది. వెనక పొయ్యి మీద ఫ్యాన్ వినిపిస్తోంది.

"ఎలా ఉన్నావే?"

"మంచిగనే ఉన్న టీచర్‌గారూ."

"సరళీ మొదటి వరస ఒకటి పాడు. మెల్లిగా."

పాడాను. 'మ' దాటేసరికి గాలి అయిపోయింది. దాచి పీల్చాను. 'ని' దగ్గర ఇంకోసారి. పై 'స' మీద నిలబడలేక కిందకి దిగిపోయాను. ఉంగరం చప్పుడు కోసం చూశాను. రాలేదు. దాని బదులు ఫ్యాన్ ఆగింది. ఆవిడ వంటింట్లో ఫ్యాన్ ఆపి పాట వినడం నాకు తెలిసి అదే మొదటిసారి.

"మళ్ళీ" అన్నారు.

మళ్ళీ పాడాను. ఈసారి దాచడం కూడా చేతకాలేదు.

"ఆ వేలికి పెట్టే మిషన్ ఏం చూపిస్తోంది?"

"తొంభై ఒకటి. అది నిజం కాదు టీచర్‌గారూ, గోరింటాకు వల్ల..."

"గోరింటాకు వేళ్ళకి పెట్టుకున్నావు. గొంతుకి కూడా పెట్టుకున్నావా?"

ఆవిడ ఫోన్ పెట్టేశారు. కోపం వచ్చిందేమో అనుకున్నాను. కాసేపటికి మా ఇంటి ముందు కారు ఆగిన చప్పుడు, ఆపకుండా హారన్. ఇరుగుపొరుగు వాళ్ళు కిటికీలు తీశారు. హైవే ఎక్కడమంటే భయపడే మనిషి, స్టాప్ సైన్ దగ్గర ఎవరూ లేకపోయినా ఆగి అటూ ఇటూ చూసే మనిషి, కారుని మా గడ్డిలోకి ఎక్కించి ఆపారు. వాన పడుతోంది. గొడుగు లేదు. ముఖానికి మాస్కు, దాని మీంచే అరుస్తున్నారు.

మా ఆయన కింద తలుపు కొంచెం తెరిచి, దూరంగా ఉండమని చెయ్యి ఊపాడు. "ఆంటీ, మీరు దగ్గరికి రాకండి. నర్స్ లైన్‌కి కాల్ చేసినం. ఊపిరి ఆడకపోతే రమ్మన్నరు. ఈమె మాట్లాడుతనే ఉన్నది కదా!"

"మాట్లాడ్డానికేం బాబూ, దొంగ ఊపిరి తీసుకుంటూ ఎంతసేపైనా మాట్లాడొచ్చు! పాడించు, తెలుస్తుంది!"

"హాస్పిటల్ల నన్ను లోపలికి రానియ్యరు ఆంటీ. ఒక్కతే ఉండాలె. ఏమన్న అయితే నేను..."

"ఒక్కతే ఉంటే ఉంటుంది! ముందు ఉండాలిగా!"

నేను మేడమీద కిటికీలోంచి ఇదంతా వింటున్నాను. ఆవిడ తలెత్తి నన్ను చూశారు. తిట్టలేదు. "అమ్మాయ్, చెప్పులేసుకో" అన్నారు. తర్వాత మా ఆయన వైపు తిరిగి, "నువ్వు తీసుకెళ్తావా, నన్ను 911 చేసి అంబులెన్స్‌ని పిలవమంటావా? ఇప్పుడే చెప్పు" అన్నారు.

మా ఆయన కారు తాళాలు తీశాడు.

ఎమర్జెన్సీలో నర్సు నా వేళ్ళు చూసి, ఏమీ అనకుండా, చెవితమ్మెకి క్లిప్పు పెట్టింది. మాకు ఎందుకు తట్టలేదో చెవి! నంబరు తొంభై ఒకటి కాదు, ఇంకా కింద. ఒక్కసారిగా గదిలోకి ఎంతమంది వచ్చారో. మూతికి మాస్కు, పొట్ట మీద బిడ్డ గుండె వినే బెల్టు. ఒక డాక్టర్ నా కళ్ళలోకి చూస్తూ నిదానంగా చెప్పాడు. ఊపిరితిత్తులు రెండూ వైరస్‌తో నిండిపోయాయి. పైగా కిందనుంచి బిడ్డ నొక్కుతోంది. నీకు ఆక్సిజన్ తగ్గితే బిడ్డకి పీల్చుకోవడానికి ఇంకో చోటు లేదు, అది నీ రక్తంలోంచే తీసుకోవాలి. బిడ్డ గుండె చప్పుడు ఇప్పటికి బానే ఉంది. 'ఇప్పటికి' అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. మిగతాది వినపడలేదు.

బిడ్డ ఊపిరితిత్తులు తొందరగా గట్టిపడాలని నాకు ఇంజెక్షన్ ఇచ్చారు. చేతికి సూది గుచ్చాలంటే గాజులు అడ్డం. తీయమంది నర్సు. తీయనన్నాను. ఎందుకని అడిగింది. మాస్కులోంచి ఆయాసపడుతూ, బేబీ ఈ చప్పుడు వింటోంది, పుట్టేదాకా తీయకూడదు అని చెప్పాను. నన్నేమన్నా అంటుందేమో అనుకున్నాను. ఆవిడ నా వాచిన చేతులకి లోషన్ రాసి, ఒక్క గాజు కూడా చిట్లకుండా తీసి, ప్లాస్టిక్ సంచిలో వేసి, ఆ సంచిని నా పొట్ట దగ్గర ఒకసారి గలగలా ఆడించింది. తర్వాత దాన్ని మంచం కడ్డీకి కట్టింది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది. ఏడవడానికీ ఊపిరి కావాలని అప్పుడే తెలిసింది.

ఒక పక్కకి తిరిగి పడుకోమన్నారు. పడుకున్నాను. గాలి పెంచారు, ఇంకా పెంచారు. నా చూపంతా మంచం పక్క మానిటర్ తెర మీది రెండు అంకెల మీదే. ఒకటి నాది, ఒకటి బిడ్డది. నాది దిగినప్పుడల్లా బిడ్డది తడబడేది. మర్నాడు డాక్టర్లు గుమ్మం దగ్గర నిలబడి తమలో తాము మాట్లాడుకుని లోపలికి వచ్చారు. ఇక ఆగలేం, ఆపరేషన్ చేసి బిడ్డని తీసేయాలి అన్నారు. నీకు మత్తిస్తాం, గొంతులో ట్యూబు వేస్తాం, లేచేసరికి ఆ ట్యూబు ఇంకా ఉండొచ్చు. నెలలు నిండని బిడ్డ, దానికీ ఊపిరి సాయం కావాలి. మా ఆయన వీడియోలో ఉన్నాడు. పార్కింగ్ లాట్లో, కారులోంచి. పాజిటివ్ కాబట్టి లోపలికి రాలేడు, ఇంటికి పోవడానికి మనసొప్పలేదు. "ఏం కాదు, ఏం కాదు" అనడం తప్ప ఇంకో మాట రావడం లేదు ఆయనకి. ఏమవుతుందో ఇద్దరికీ తెలీదు. నాకు చచ్చేంత భయం వేసింది. ఇంకే మాటా సరిపోదు దానికి.

టీచర్‌గారిని కలపమన్నాను. నర్సు ఫోను నా చెవి దగ్గర పట్టుకుంది. ధైర్యం చెప్తారేమో అనుకున్నాను. చెప్పలేదు. దేవుడి పేరు కూడా ఎత్తలేదు.

"నువ్వు పాడకు. నేను పాడతాను. నువ్వు ఊపిరి పీల్చు" అన్నారు. "ఇవాళ ఎన్ని దొంగ ఊపిర్లైనా తీసుకో. నేనేం అనను."

'స' పట్టారు. మంచం కదిలింది, లైట్లు నా తల మీంచి వెనక్కి పోతున్నాయి, ఫోను పట్టుకుని నర్సు పక్కనే నడుస్తోంది. ఆవిడ ఒక్క ఊపిరిలో ఆ స్వరం పట్టుకునే ఉన్నారు. ఆపరేషన్ గది తలుపు దగ్గర ఫోను తీసేశారు.

మెలకువ వచ్చేసరికి కొన్నాళ్ళు గడిచిపోయాయి. పొట్ట లేదు. గొంతు పుండులా ఉంది. నాకు మాట రాకముందే ఒక టాబ్లెట్ తెచ్చి ముఖం ముందు పెట్టారు. గాజుపెట్టెలో, ముక్కులో గొట్టంతో, నా అరచెయ్యంత ఉన్న బిడ్డ. "పాప" అన్నారు. పక్కటెముకలు లోపలికి పోతూ బయటికి వస్తూ ఉన్నాయి. అంత చిన్న ఛాతీకి అంత కష్టం ఏమిటని గుండె తరుక్కుపోయింది. మా పాపని నేను మొదటిసారి చేత్తో తాకేసరికి అక్కడి నర్సులందరికీ దాని ఏడుపు ఎలా ఉంటుందో తెలిసిపోయింది.

ఇంకో సంగతి. నన్ను వార్డు మార్చేటప్పుడు ఒక గది తలుపు మీద ఆకు బొమ్మ అంటించి ఉంది, ఆకు మీద నీటి చుక్క. అదేమిటని అడిగాను. నర్సు మంచం తోయడం ఆపకుండా, ఆ గదిలోకి వెళ్ళేవాళ్ళు నవ్వు ముఖంతో వెళ్ళకూడదని గుర్తు అంది. బిడ్డ దక్కని ఆ తల్లికీ నా జబ్బేనా అని అడగడానికి ధైర్యం చాలలేదు. ఇప్పటికీ ఆ తల్లి గుర్తొస్తుంది. నన్ను ఎవరో వానలో నిలబడి తిట్టి పంపారు. ఆమెకి ఎవరైనా ఉన్నారో లేదో.

నేను ఇంటికి వచ్చాక, పాప ఇంకా ఆస్పత్రిలోనే ఉండగా, టీచర్‌గారు వచ్చారు. లోపలికి రమ్మంటే రాలేదు. వరండాలోనే నిలబడి, చేతిసంచిని గట్టిగా పట్టుకుని, "సూది వద్దన్నది నేనే కదే" అన్నారు.

ఉన్నమాట చెప్పాలి, ఆవిడ మీద నాకు కృతజ్ఞత ఎంత ఉందో కోపం కూడా అంత ఉంది. బతికించిన చెవీ, తప్పు చెప్పిన నోరూ ఒకే మనిషివి అయినప్పుడు ఏం చేయాలో నాకు తెలియలేదు. అడిగింది నేనే, విన్నది నేనే. అయినా కోపం వచ్చింది.

"నాకు తెలీదు అని ఒక్క ముక్క అనుంటే సరిపోయేది" అన్నారు. "అరవై ఏళ్ళు దాటినదాన్ని, తెలీదనడానికి నామోషీ నాకు." తర్వాత పటికబెల్లం పొట్లం గుమ్మం మీద పెట్టి వెళ్ళిపోయారు.

ఆ శనివారం జూమ్ క్లాసులో, పిల్లలూ తల్లులూ అందరూ ఉండగా, పాఠం మొదలుపెట్టకుండానే ఆ మాట చెప్పేశారట. ఫలానా అమ్మాయికి వాక్సిన్ వద్దని నేనే చెప్పాను, తప్పు చెప్పాను, మీలో ఎవరికైనా అలా చెప్పుంటే ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను, మీ డాక్టర్ మాట వినండి, నా దగ్గర సంగీతం మాత్రం వినండి అని. ఒక కుటుంబానికి ఆ మాటలు నచ్చలేదు, పిల్లల్ని మానిపించేశారు. "ఎందుకు టీచర్‌గారూ అందరి ముందు?" అని తర్వాత నేనే అడిగాను. "నేను వద్దన్నది నీ ఒక్కదానితోనే అని నీకెవరు చెప్పారు?" అన్నారు. అప్పుడు ఆవిడ విద్యార్థినుల్లో ఇంకొకమ్మాయి కడుపుతో ఉంది. ఆ అమ్మాయిని వాక్సిన్‌కి ఆవిడే స్వయంగా, ఆ కారులోనే, హైవే ఎక్కకుండా చుట్టూ తిప్పి తీసుకెళ్ళారు. నా కోపం ఎప్పుడు పోయిందని అడిగితే, ఆ సంగతి విన్నరోజు అని చెప్తాను.

పాప ఇంటికొచ్చాక మొదటి రెండు చలికాలాలు మాకు గండాలే. చిన్న జలుబు చేస్తే చాలు, ఛాతీలో పిల్లి కూతలు. నెబ్యులైజర్ మిషన్ మా ఇంట్లో సోఫాలాగా ఒక సామాను అయిపోయింది. పిల్ల పడుకుంటే పక్కటెముకలు చూడటం, లేస్తే ముక్కుపుటాలు చూడటం, అదే నా ఉద్యోగం. టీచర్‌గారు వచ్చి కళ్ళు మూసుకుని దాని ఊపిరి వినేవారు. "డాక్టర్‌కి చూపించు" అనో, "బావుంది, నువ్వు అన్నం తిను" అనో అనేవారు. మూడో ఏడు నిండాక ఒళ్ళో కూర్చోబెట్టుకుని 'స' మొదలుపెట్టారు. "పాట వల్ల ఊపిరితిత్తులు బాగుపడతాయా టీచర్‌గారూ?" అని ఆశగా అడిగాను. "నాకు తెలీదు" అన్నారు. ఆ మాట ఎంత స్పష్టంగా అన్నారో!

మా పాపకి ఆవిడ 'టీచర్ ఆంటీ'. ఉంగరం చప్పుడంటే దానికి భయం లేదు, సరదా. ఒక్కోసారి ఆవిడ కొట్టకముందే అదే చెప్పేసేది. "టీచర్ ఆంటీ, నేను బ్రెత్ స్టీల్ చేశాను!" ఆవిడ నవ్వాపుకుంటూ 'టక్' మని కొట్టేవారు. "నిజం చెప్పావు గనక పటికబెల్లం. దొంగతనం చేశావు గనక మళ్ళీ మొదటినుంచి."

పోయినేడాది ఒక క్లాసులో ఆవిడ మాకు పాడి చూపిస్తున్నారు. 'ద' దగ్గర, స్వరం కింద, చటుక్కున గాలి పీల్చిన చప్పుడు. నేను నమ్మలేదు. కిందకి దిగుతూ మళ్ళీ ఒకటి. పాప బొమ్మలేసుకుంటోంది, గమనించలేదు. ఆవిణ్ణి తప్పు పట్టడమా? ఎలాగో నోరు తెరిచి, "టీచర్‌గారూ, దొంగ ఊపిరి" అన్నాను.

ఆవిడ ఆగిపోయారు. తర్వాత నవ్వారు. "వినపడిందా? అయితే నీకు సంగీతం వచ్చినట్టే" అన్నారు.

అప్పటికప్పుడు నేనే కారెక్కించాను. ఈసారి ఆవిడ మొండికేశారు. "వయసు మీద పడితే ఆయాసం మామూలేనే" అన్నారు. "చెప్పులేసుకోండి" అన్నాను. గుండె బలహీనపడిందని, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోందని చెప్పారు డాక్టర్లు. మందులిచ్చారు. ఒక వేసవి దొరికింది మాకు, ఒక శరదృతువు దొరికింది. ఆవిడ నాకిచ్చిన దాంతో పోలిస్తే నేనిచ్చింది ఏపాటిది? అయినా ఇచ్చినందుకు తృప్తిగా ఉంది.

అంత్యక్రియల రోజు ఫ్యూనరల్ హోమ్‌లో ఏం పాడాలని అడిగితే, పెద్ద కీర్తనలేవీ వద్దంది ఆవిడ కూతురు. "అమ్మకి సరళీ వరసలే ఇష్టం. మొదటిది పాడండి చాలు" అంది. చిన్నా పెద్దా అందరం నిలబడ్డాం. పిల్లల్ని ముందు వరసలో పెట్టాం. మా పాప అందరిలోకీ చిన్నది, టీచర్‌గారిని ఉంచిన పెట్టెకి అందరికంటే దగ్గరగా నిలబడింది. పెట్టె తెరిచే ఉంది. టీచర్‌గారి చేతికి ఉంగరం ఉంది.

అందరం ఎత్తుకున్నాం. ఎక్కుతున్నాం. 'ని' దగ్గర మా పాప భుజాలు చటుక్కున పైకి లేచాయి. నాకు తెలుసు ఆ కదలిక. పాడటం ఆపేసి, తల తిప్పి పెట్టె వైపు చూసింది. 'టక్' కోసం ఎదురుచూస్తోంది. ఒక్కొక్కరే గమనించి మేమూ ఆగిపోయాం. పాప ఇంకాస్త దగ్గరికి జరిగి, ఆవిడకి వినపడలేదేమో అనుకున్నట్టు, గట్టిగా చెప్పింది.

"టీచర్ ఆంటీ, నేను బ్రెత్ స్టీల్ చేశాను."

కాసేపు చూసింది. తర్వాత చేతులు రెండూ పక్కన పెట్టుకుని, ఛాతీ నిండా గాలి పీల్చుకుని, ఎవరూ చెప్పకుండానే, ఒక్కతే మళ్ళీ మొదటి 'స' నుంచి ఎత్తుకుంది.